వాతావరణమా, శీతోష్ణస్థితా?

సంపాదకులకు నమస్కారం.

నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లు భూగోళశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. సాయంత్రాలు మా వీధి పిల్లలు కొందరు తెలుగు చదువుకోవడానికి మా ఇంటికి వస్తారు. బడిలో వాళ్ల చదువంతా ఒడియాలోనే కనుక, తెలుగు అచ్చులో వాళ్ల కంటపడేది ఎక్కువగా మీ పత్రికే. మొన్న ఒక పిల్లవాడు తన పాఠంలోని ‘జళబాయు’ అన్న మాటకు తెలుగు అడిగితే ‘శీతోష్ణస్థితి’ అని చెప్పాను. వాడు మీ పత్రిక తెచ్చి, మొదటి పేజీలో ‘వాతావరణ మార్పుపై దేశాల చర్చ’ అన్న శీర్షికనూ, లోపలి పేజీలో సాయంత్రపు జల్లు గురించి ‘ఒక్కసారిగా మారిన వాతావరణం’ అన్న శీర్షికనూ చూపించి, “ఈ రెండూ ఒకటేనా మాస్టారూ?” అన్నాడు. మొదటిది దశాబ్దాల మీద తేలే సంగతి, రెండవది గంటసేపటి సంగతి. రెండింటినీ ఒకే మాటతో రాస్తున్నప్పుడు వాడి సందేహం సహజమే.

ఒడియాలో ఈ చిక్కు లేదు. భూమిని ఆవరించిన గాలి పొర ‘బాయుమండళ’, ఇవాళ్టి ఎండావానలు ‘పాణిపాగ’, ఏళ్ల తరబడి చూస్తే ఒక ప్రాంతానికి అలవాటైన తీరు ‘జళబాయు’. నిజానికి మన ‘వాతావరణం’ అన్న మాటకు అక్షరాలా గాలి ఆవరణమనే అర్థం; అంటే నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం దాకా ఉన్న ఆ పొరకే అది తగిన పేరు. ఆ ఒక్క మాట మీదే మిగిలిన రెండు అర్థాలనూ మోపి, పాఠ్యపుస్తకాల్లో ఉన్న ‘శీతోష్ణస్థితి’ని పత్రికలు పక్కన పెట్టేశాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో కూర్చుని ఇంత బరువైన సంస్కృత సమాసం కోసం వాదించడం నాకే కొంత విడ్డూరంగా ఉంది. పైగా ఆ మాటలో చలీ వేడీ ఉన్నాయి గాని వాన లేదు, గాలి లేదు. ఇంతకన్న మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను. అంతవరకు ఉన్నదాన్నయినా వాడుకుందాం.

మన రైతులకు ఈ తేడా కొత్తదేమీ కాదు. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అన్నది ఏ ఒక్క రోజు ఎండనో చూసి పుట్టిన సామెత కాదు, తరతరాలుగా గమనించిన తీరు, అది శీతోష్ణస్థితి. ఈ ఏడాది అదే కార్తెలో రెండు రోజులు చల్లగా జల్లులు పడితే అది వాతావరణం, దానివల్ల సామెత అబద్ధమైపోదు. తుపానుల విషయమూ అంతే. 2013 అక్టోబరు 12న ఒడిశా తీరంలోని గోపాలపురం దగ్గర ఫైలిన్, సరిగ్గా ఏడాదికి విశాఖపట్నంలో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటాయి. తిత్లీ మా గజపతి జిల్లా కొండల్లో ఎంత వాన కుమ్మరించిందో, ఎన్ని కొండచరియలు విరిగిపడ్డాయో ఇక్కడివారెవరూ మరచిపోలేదు. వీటిలో ప్రతి ఒక్కటీ విడిగా వాతావరణ ఘటనే. అయితే నైరుతి వెనుదిరిగే వేళ సముద్రం పైపొర ఇంకా 26 డిగ్రీలకు మించిన వేడితోనే ఉండడం, నడి వర్షాకాలంలో తుపానును ఎదగనివ్వకుండా చెదరగొట్టే పైగాలుల ఉరవడి అప్పటికి తగ్గడం వల్ల అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతానికి తుపానుల కాలమయ్యాయన్నది మాత్రం శీతోష్ణస్థితి చెప్పే మాట.

తుపానుల వార్తల్లో మీరు పాటించే నిక్కచ్చితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. అల్పపీడనాన్ని వాయుగుండమనరు, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరేదాకా దేన్నీ తుపాను అనరు. ఆ జాగ్రత్త ఇక్కడ ఎందుకు కొరవడిందో నాకు అర్థం కాదు.

మరొక్క విన్నపం. ప్రతిరోజూ మీరు ఊరూరి గరిష్ఠ ఉష్ణోగ్రత వేస్తున్నారు గాని, ఆ ఊరికి ఆ తేదీన సాధారణంగా ఎంత ఉంటుందో వేయడం లేదు. ఆ సాధారణమన్నది సుమారు 30 ఏళ్ల సగటు. తీరప్రాంతంలో ఉష్ణోగ్రత 37 డిగ్రీలన్నా చేరి, సాధారణం కన్న కనీసం 4.5 డిగ్రీలు హెచ్చితే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది; మైదానాల్లోనైతే 40 డిగ్రీలన్నా చేరాలి. మే నెలలో 38 డిగ్రీలంటే గోపాలపురంలో జనం అల్లాడిపోతారు, సముద్రానికి దూరంగా, ఎండలకు పేరుపడ్డ పశ్చిమ ఒడిశాలోని టిట్లాగఢ్‌లో ఈవేళ కాస్త నయమంటారు. అంకె ఒకటే అయినా సాధారణం పక్కన లేకపోతే దాని అర్థం పాఠకుడికి అందదు. ఆ చిన్న గడిని ఒకటి చేర్చి, దానికి ‘ఈ తేదీకి సాధారణం’ అని పేరు పెడితే, మా వీధి పిల్లలకు ఈ రెండు మాటల తేడా నేను రోజూ ఆ గడి చూపించే చెప్పుకోగలను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.