గేరు మార్చేటప్పుడు రేజింగ్ దిగకపోతే క్లచ్ విప్పించకండి

సంపాదకులు గారికి, నమస్కారం.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి క్లచ్ తొక్కగానే ఇంజిన్ రేజింగ్, అంటే అది తిరిగే వేగం, పడిపోవాలి. అలా పడకుండా రెండున్నర వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర కాసేపు వేలాడుతోందని, ఒక్కోసారి ఇంకో మూడు నాలుగు వందలు పెరిగి మరీ దిగుతోందని మాన్యువల్ గేర్ల కార్లవాళ్లు విజయవాడలోని మా ఆటోనగర్‌కు వస్తున్నారు. వాళ్లలో కొందరు అప్పటికే ఎక్కడో క్లచ్ ప్లేటు మార్పించి ఉంటారు. వేలకు వేలు బిల్లు కట్టినా రేజింగ్ తీరు మారి ఉండదు. ఈ అనవసరపు ఖర్చు ఆగాలనే ఈ ఉత్తరం రాస్తున్నాం.

క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కితే ప్లేటుకూ ఇంజిన్‌కూ సంబంధం తెగిపోతుంది. ఆ సమయంలో రేజింగ్ దిగడం లేదంటే తప్పు ప్లేటుది కానే కాదు. ప్లేటు అరిగిందో లేదో తేల్చే పరీక్ష వేరే ఉంది. నాలుగో గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతూ, క్లచ్ మీద కాలు లేకుండా, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి దూకి బండి మాత్రం వేగం అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రేజింగ్ వేలాడటాన్నీ క్లచ్ జారడాన్నీ ఒకటే అనుకోవడం వల్లే సగం నష్టం జరుగుతోంది.

ఇక రెండో సంగతి. కొత్త కార్లలో రేజింగ్ ఇలా వేలాడటం చాలాసార్లు జబ్బే కాదు. దేశమంతటా వాహనాల పొగకు బీఎస్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1న వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడిచేటప్పుడు వెలువడే పొగనూ కొలుస్తున్నారు. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ కేబుల్ లేదు. పెడల్ కింద ఉన్న సెన్సర్ కంప్యూటర్‌కు సంకేతం పంపితే, త్రాటిల్ రేకును, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తలుపు లాంటి దాన్ని, మోటారు తిప్పుతుంది. ఆ రేకు ఠక్కున మూసుకుంటే సిలిండర్లకు గాలి తీసుకెళ్లే మానిఫోల్డ్‌లో వాక్యూం (పీలుపు) ఒక్కసారిగా పెరుగుతుంది. గోడలకు తడిగా అంటుకున్న పెట్రోలంతా ఒకేసారి ఆవిరై సిలిండర్లలోకి పోతుంది. దానికి సరిపడా గాలి ఉండదు కాబట్టి అది సరిగ్గా మండక, హైడ్రోకార్బన్లుగా, అంటే మండని ఇంధనంగా, సైలెన్సర్ నుంచి బయటికొస్తుంది. అందుకే కంప్యూటర్ రేకును మెల్లగా మూస్తుంది. ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) బరువుగా ఉంటే ఈ ఆలస్యం ఇంకొంచెం పెరుగుతుంది.

ఇది ఇంజిన్ స్వభావమే అనడానికి గుర్తులున్నాయి. బండి కొన్న రోజు నుంచీ ఒకే తీరుగా ఉంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద కాస్త ఎక్కువగా ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగదు. రేజింగ్ దిగాక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలకడగా నిలుస్తుంది. అన్నిటికంటే నమ్మకమైన పరీక్షకు పైసా ఖర్చు లేదు. అదే మోడల్, అదే ఇంజిన్ ఉన్న ఇంకో కారును ఓసారి నడిపి చూడండి. రెండూ ఒకేలా ఉంటే ఏ విడిభాగం మార్చినా ఫలితం ఉండదు. అప్పుడు మార్చుకోవాల్సింది కాలి వరస. యాక్సిలరేటర్‌ను క్లచ్ కంటే ఒక లిప్త ముందు వదలాలి. మామూలు ప్రయాణంలో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య గేరు మార్చాలి. రేజింగ్ వేలాడుతుండగానే క్లచ్ ఠపీమని వదిలితే బండి ముందుకు కుదుపుతుంది, ఆ కుదుపులే ప్లేటును అరగదీస్తాయి. కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి ఆలస్యం తీసేయిస్తామనే వాళ్ల మాట వినొద్దు. వారంటీ పోతుంది, పొగ నిబంధనలూ దెబ్బతింటాయి.

నిన్నటిదాకా లేనిది ఇవాళ మొదలైతే మాత్రం అది లోపమే. వెతకడం డ్రైవరు కాళ్ల దగ్గర నుంచే మొదలుపెట్టాలి. కంపెనీ మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేస్తే అది జరిగి యాక్సిలరేటర్ పెడల్ కింది అంచును పట్టేస్తుంది. ఇది రేజింగ్ సమస్యతో ఆగదు, ప్రాణం మీదికొస్తుంది. కేబుల్ ఉన్న పాత కార్లలో కేబుల్‌కు కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉండాలి. బిగుతుగా ఉన్నా, లోపల తుప్పు పట్టినా త్రాటిల్ పూర్తిగా మూసుకోదు.

తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో 3,000 ఆర్‌పీఎంకు తీసుకెళ్లి వదలండి. రెండు మూడు సెకన్లలో ఐడిల్‌కు రావాలి. చాలా పెట్రోలు కార్లలో ఐడిల్ 700 నుంచి 850 మధ్య ఉంటుంది. 1,200, 1,500 దగ్గర ఆగిపోతే ఇంజిన్‌లోకి ఎక్కడి నుంచో అదనపు గాలి వెళుతోందని అనుమానించాలి. నిలబడి ఉన్నప్పుడు బాగానే దిగుతూ, కదులుతున్నప్పుడే వేలాడుతుంటే క్లచ్ పెడల్ స్విచ్‌నూ స్పీడ్ సెన్సర్‌నూ చూడాలి. క్లచ్ తొక్కారని కంప్యూటర్‌కు చెప్పేది ఆ స్విచ్చే. క్లచ్ పని చేయించాకే ఈ బాధ మొదలైందంటే ఆ స్విచ్ కనెక్టర్ సరిగ్గా పెట్టారో లేదో ముందు చూడండి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో కనిపించే పీ0704, పీ0500 లోపం కోడ్లు ఈ రెండింటికి సంబంధించినవి.

గాలి లీకు దగ్గరే మెకానిక్కులు ఎక్కువగా పొరబడతారు. గాలి పరిమాణాన్ని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న ఇంజిన్లలో, లెక్కకు రాని గాలి లోపలికి పోతే ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలును కంప్యూటర్ ఎంత పెంచి తగ్గిస్తోందో చెప్పే అంకె) 10 శాతం పైకి పోతుంది, 2,500 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ సున్నా వైపు వస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు లేదని చెప్పే పీ0171 కోడ్ కూడా రావచ్చు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్ పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లీకు గాలిని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా కదలదు. ట్రిమ్ బాగుంది గనుక లీకు లేదని చెప్పి పంపేయడం తప్పు. అలాంటి ఇంజిన్లలో, త్రాటిల్ శాతం మామూలు కంటే తక్కువగా ఉండి ఐడిల్ మాత్రం ఎక్కువగా ఉందా అన్నది చూడాలి. కంప్యూటర్ తలుపు మూస్తున్నా గాలి ఇంకో దారిన వస్తోందని దాని అర్థం. పీ0507 కోడ్ చెప్పేదీ ఐడిల్ ఉండాల్సినదాని కంటే ఎక్కువగా ఉందనే.

లీకు దొరికే చోట్లు కొన్నే. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ లోపలికి పంపే పీసీవీ గొట్టం, ఇంజెక్టర్ల కింది ఓ-రింగులు (రబ్బరు రింగులు), మానిఫోల్డ్ గ్యాస్కెట్ (అతుకు దగ్గరి సీలు), పెట్రోలు ట్యాంకు ఆవిరిని పంపే పర్జ్ వాల్వ్. ఐడిల్‌లో ఒక్కో గొట్టాన్నీ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి చూడండి. ఏది నొక్కితే ఐడిల్ పడిపోతుందో లీకు ఆ దారిలో ఉంది. పర్జ్ వాల్వ్ కనెక్టర్ పీకితే అది మూసుకోవాలి. అప్పుడు కూడా ట్యాంకు వైపు గొట్టం తీసిన చోట వేలికి పీలుపు తగిలితే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. పొలాల పక్కన, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో వారాల తరబడి నిలిపిన కార్లలో ఎలుకలు గొట్టాలు కొరికేస్తాయి, దాన్నీ మరవొద్దు. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ (మసి తుడిచే మండే ద్రవం) కొట్టి లీకు వెతికే అలవాటును మాత్రం మానేయాలి. అది ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకుంటుంది. గొట్టాల్లోకి పొగ పంపి లీకు చూపే స్మోక్ టెస్ట్ యంత్రం ఉన్న చోటికి వెళ్లడం మేలు.

బయట సీఎన్‌జీ కిట్ బిగించిన కార్లలో గ్యాస్ నాజిళ్ల కోసం మానిఫోల్డ్‌కు రంధ్రాలు వేస్తారు. అక్కడ సీలు వదులైతే పెట్రోలు మీదా గ్యాస్ మీదా రెండింటిలోనూ రేజింగ్ వేలాడుతుంది. గ్యాస్ మీదే వేలాడితే గ్యాస్ పీడనం తగ్గించే రెడ్యూసర్‌నూ, గ్యాస్ ఇంజెక్టర్లనూ, ట్యూనింగ్‌నూ చూడాలి.

త్రాటిల్ బాడీ క్లీనింగ్ గురించి ఒక హెచ్చరిక. మోటారుతో నడిచే రేకును ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో తోయొద్దు, లోపలి పళ్లు దెబ్బతింటాయి. క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవాలి, సెన్సర్ల వైపు కారనివ్వకూడదు. తుడిచాక స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కు ఐడిల్ లెక్క మళ్లీ నేర్పడం) చేయించాలి. మసి పట్టిన రేకుకు తగ్గట్టు కంప్యూటర్ అలవాటు పడి ఉంటుంది. మసి పోయాక అదే లెక్కతో రేకు తెరిస్తే గాలి ఎక్కువై, లేని రేజింగ్ కొత్తగా పుడుతుంది.

మన ప్రాంతంలో ఇంకో దురలవాటు ఉంది. ఎండలకు ఇంజిన్ వేడెక్కుతుందని భయపడి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపే వాల్వ్) పీకేస్తున్నారు. అప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మామూలు వేడికి చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఐడిల్ పెంచుతుంది, పెట్రోలు ఎక్కువ పంపుతుంది, రేజింగ్ మెల్లగా దించుతుంది. బెంజి సర్కిల్ నుంచి కాజ టోల్‌ప్లాజా దాకా వెళ్లినా స్కానర్‌లో కూలెంట్ 80 డిగ్రీలు దాటలేదంటే థర్మోస్టాట్ ఉందో లేదో విప్పి చూడాల్సిందే. మండు వేసవిలోనైనా అది ఉండి తీరాలి.

డీజిల్ బండిలో కాలు తీసినా రేజింగ్ దానంతటదే పెరుగుతూ, నీలం లేదా తెల్లటి పొగ వస్తుంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) నుంచి ఇంజిన్ ఆయిల్ లోపలికి పోయి మండుతోందేమోనని అనుమానించాలి. తాళం తిప్పినా ఆగకపోవచ్చు. బండి నిలిపి, బ్రేకు బలంగా తొక్కి పట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపేయండి. తర్వాత మళ్లీ స్టార్ట్ చేయకండి.

సర్వీస్ సెంటర్లకు, తోటి మెకానిక్కులకు ఒక వినతి. విప్పే ముందు ఐడిల్ ఆర్‌పీఎం, త్రాటిల్ శాతం, కూలెంట్ వేడి, ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు జాబ్ కార్డు మీద రాయండి, పని అయ్యాక మళ్లీ రాయండి. స్వభావమే అయితే ఆ మాట కూడా అక్కడే రాసి ఇవ్వండి. కార్ల కంపెనీలు ఓనర్ మాన్యువల్‌లో దీని గురించి తెలుగులో ఒక్క పేరా చేరిస్తే కొన్నవాళ్లకు అనుమానం ఉండదు. బండి ఇచ్చేవాళ్లు కూడా, విప్పకముందు అంకెలేమిటని అడిగి, ఆ కార్డు చూశాకే పనికి ఒప్పుకోవాలి.

ఇట్లు
పెట్రోలు ఇంజిన్ మెకానిక్కులు కొందరు,
ఆటోనగర్, విజయవాడ