మిర్చి యార్డుకు ఒక ఫిజియోథెరపిస్టును ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డుకు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వచ్చాయో, తేజ రకం క్వింటా ఎంత పలికిందో మీ పత్రికలో రోజూ చదువుతుంటాం. ఆ టిక్కీలు మోసేవాళ్ల డొక్కల నొప్పికి, వీపు నొప్పికి కూడా ఒకసారి చోటివ్వమని అడగడానికే ఈ ఉత్తరం. నేను యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. 22 ఏళ్లుగా అదే పని.

ముందు నా సంగతి చెబుతాను. నిరుడు సీజన్లో ఎడమ రెక్క కింద మొదలైన నొప్పి పక్కటెముకల వెంబడి తిరిగి రొమ్ము దాకా వచ్చింది. దగ్గితే పోటు, తుమ్మితే పోటు. రాత్రి పక్కకి ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకోవాల్సి వచ్చేది. గుండె నొప్పేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఈసీజీ బాగానే ఉందన్నారు. గ్యాస్ అన్నారు, ఆ మాత్రలూ మింగాను. మా వీధి చివర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉండేది, మూడో రోజుకి మళ్లీ మామూలే. ఇలా నాలుగు నెలలు గడిచాయి. అప్పు చేసి ఎంఆర్ఐ తీయిస్తే డిస్కు కొంచెం ఉబ్బిందని రాశారు. ఆ కాగితం చూసుకుని ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత చూసిన డాక్టరమ్మ ఆ ఫిల్మును పక్కన పెట్టారు. సాయంత్రం పూట జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, ఎక్కడైనా పడ్డారా, మెట్లెక్కితే నొప్పి పెరుగుతోందా అని ఒక్కొక్కటే అడిగారు. స్టూలు మీద కూర్చోబెట్టి, వెన్నుపూస పక్కన బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చారు. ఒకచోట నొక్కగానే కెవ్వుమన్నాను. ‘ఇదీ సంగతి’ అన్నారు. మనకున్న 12 జతల పక్కటెముకలూ వెనకవైపు వెన్నుపూసకే అతుక్కుని ఉంటాయి. అక్కడి కీలు పట్టేస్తే నొప్పి ఎముక వెంట ముందుకి పాకుతుంది. చెయ్యి విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచొచ్చు. పక్కటెముకలు ఊపిరి తీసిన ప్రతిసారీ కదలాల్సిందే, రోజుకి ఇంచుమించు 20 వేల సార్లు. అందుకే ఈ నొప్పి తగ్గడానికి అన్ని రోజులు పడుతుంది. డిస్కు ఉబ్బు సంగతి అడిగితే, ఏ నొప్పీ లేని 20 ఏళ్ల కుర్రాళ్లకు స్కాన్ తీసినా నూటికి 30 మందిలో కనిపిస్తుందని చెప్పారు. ఆ మాటతో సగం భయం పోయింది.

మందులకన్నా ఎక్కువగా వ్యాయామాలే రాశారు. కుర్చీలో కూర్చుని చేతులు రొమ్ము మీద కట్టుకుని నడుము పైభాగాన్ని అటూ ఇటూ తిప్పడం, డొక్కల చుట్టూ తువ్వాలు చుట్టి అది బిగిసేదాకా పక్కలకు గాలి పీల్చడం, అరగంటకోసారి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి నాలుగడుగులు వేయడం. ఆరు వారాలకు ఎడమవైపు తిరిగి పడుకోగలిగాను. పూర్తిగా పోయిందని చెప్పను. సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో రాత్రి దాకా వంగి లెక్కలు రాస్తే మళ్లీ గుర్తుచేస్తుంది.

కూర్చుని పనిచేసే నాకే ఇలా ఉంటే, మా కొట్టు ముందు టిక్కీలు మోసే ముఠావాళ్ల, అంటే హమాలీల, మాటేమిటి? కుడిచేత్తో కొక్కెం తగిలించి, నడుము ఒకవైపు మెలితిప్పి, 40 కిలోల పైబడ్డ టిక్కీని ఒక్క ఊపున వీపు మీదికి తీసుకుంటారు. ఒక్కడి చేత 55 కిలోలకు మించి మోయించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించింది. టిక్కీ అంతకన్నా తేలికే, నిజమే. పొద్దుటి నుంచి ఎన్ని టిక్కీలన్నది ఎవరూ లెక్కపెట్టరు. వాళ్లలో ఒకతను ప్రతి శనివారం సూది వేయించుకుంటాడు. ‘అది పడితేనే సోమవారం పనిలోకి రాగలను బాబూ’ అంటాడు. ఆ సూదుల్లో స్టెరాయిడ్ కలిపితే, ఏళ్ల తరబడి పడే కొద్దీ ఎముకలు గుల్లబారతాయి. నొప్పి మాత్రలు అదే పనిగా వాడితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి. అతనికి ఈ మాట చెప్పినవాళ్లు లేరు. నడుముకి బెల్టు కూడా కొనుక్కున్నాడు. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు మామూలుగా వాడొద్దని, వ్యాయామం, అవగాహన ముఖ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది.

ఇంకో మాట. తొడిమలు తీసే పనికొచ్చే ఒకావిడ నెలల తరబడి వీపు నొప్పంటే, కింద కూర్చుని చేసే పని కదా అని అందరం తేలిగ్గా తీసుకున్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందని, జాకెట్లు వదులవుతున్నాయని ఆమె చెబుతూనే ఉంది. వినలేదు. చివరికి వెన్నుపూసకు టీబీ అని తేలింది. ఆ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు కూడా వేస్తుంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. ఆమె మాట మొదట్లోనే వినలేదన్న బాధ నాకింకా ఉంది. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లు తిమ్మిరెక్కి బలం పోవడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. రొమ్ము బిగపట్టి చెమటలు పోస్తే మాత్రం కండరమో, గ్యాసో అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

కూలి పోగొట్టుకుని ఆస్పత్రి వరుసలో నిలబడటం ముఠావాళ్ల వల్ల కాదు. అందుకే మార్కెట్ కమిటీని, జిల్లా వైద్యాధికారులను కోరేదొక్కటే. సీజన్లో వారానికి రెండు రోజులు, పొద్దుటి పూట, ఒక ఫిజియోథెరపిస్టును యార్డుకే పంపండి. ఎలా ఎత్తాలో, ఎలా దించాలో చూపించి, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో గుర్తుపడితే చాలు. వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచేలోగా నిర్ణయం తీసుకోండి. మా కొట్టు వెనక గది ఖాళీగా ఉంది. యజమానిని అడిగాను, సరేనన్నారు. రెండు బల్లలు, ఒక ఫ్యాను మేమే వేస్తాం.

ఇట్లు,
మిర్చి యార్డు గుమాస్తా,
గుంటూరు