ఆపరేషన్ అయ్యాక మమ్మల్ని చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. బరువు తగ్గడానికి విశాఖపట్నంలో స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. షుగరు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు రెండూ ఉన్నాయని డాక్టర్లే చెప్పి చేశారు, అయినా మా వీధిలో ‘తిండి తగ్గించుకోలేక పొట్ట కోయించుకుంది’ అన్నవాళ్లే ఎక్కువ. ఆ మాట చాలా అన్యాయం.

ఇందులో పొట్ట సంచి ముప్పావు వంతు పైనే తీసేస్తారు. మొదట్లో వడకట్టిన పప్పుకట్టు చెంచాతో కొంచెం కొంచెం తాగుతూ చిన్న గ్లాసుడు పూర్తి చేసేసరికి చాలాసేపు పట్టేది, కాస్త తొందరపడితే గుండెల మీద రాయి పెట్టినట్టుండేది. అదీ సర్దుకుంది. అసలు టెన్షన్ ఇప్పుడే. జీవితాంతం విటమిన్లు వేసుకోవాలి, బీ12, ఐరన్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి, కానీ వాటి సంగతి తెలిసి చెప్పే డైటీషియన్ ఇక్కడ నాకు దొరకలేదు, చిన్న సందేహం వచ్చినా పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో వైజాగ్ పోవాల్సిందే. డబ్బున్నవాళ్లు పోతారు, మిగతావాళ్లు మాత్రలు మానేస్తారు.

సరిహద్దు జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో నెలకొక్కరోజైనా ఇలాంటి రోగుల్ని చూడాలి. డిశ్చార్జి కాగితంలో ఏం తినాలో, ఏ మాత్ర మానకూడదో తెలుగులో, ఒడియాలో రాసివ్వాలి.

– ఒక పాఠకురాలు, రాయగడ