ఆడపిల్లల ఆట చదువుకు అడ్డు కాదు

సంపాదకులకు నమస్కారం.

కళాశాలలో చేరిన అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడతానంటే చదువు పాడవుతుందని పెద్దలు వారించడం మన ఊళ్లలో ఇప్పటికీ వింటున్నాం. అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయ మహిళల జట్టు అనుభవం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 1974లో, 22 ఏళ్ల వయసులో ప్యాట్ సమ్మిట్ ఆ జట్టు శిక్షణ బాధ్యత చేపట్టినప్పుడు వ్యాను నడపడం, క్రీడాకారిణుల దుస్తులు ఉతకడం కూడా ఆమె పనే. 38 సీజన్లలో 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లు సాధించిన ఆమె, తన జట్టు అమ్మాయిలు తరగతిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలనీ, కారణం లేకుండా ఒక్క క్లాసు కూడా మానరాదనీ నియమం పెట్టారు. కళాశాలలో ఆడేందుకు అర్హత ఉన్న కాలమంతా ఆమె వద్ద ఆడిన ప్రతి అమ్మాయీ పట్టా అందుకుంది. నా దృష్టిలో కప్పులకన్నా ఇదే పెద్ద విజయం.

నేనూ కళాశాల జట్టులో ఆడాను. ప్రత్యర్థి బుట్ట వైపు బంతి విసిరిన క్షణంలో బంతినే చూస్తూ నిలబడక, మోకాళ్లు వంచి, పక్కనున్న ప్రత్యర్థి క్రీడాకారిణికి వీపు అడ్డుపెట్టి చోటు కాపాడుకోవాలి. బుట్టలో పడక వెనక్కి వచ్చే బంతి (రీబౌండ్) మన జట్టులోని తోటి అమ్మాయికి దక్కుతుంది, స్కోరు పుస్తకంలో మన పేరు ఎక్కదు, అయినా ఆ పని చేసి తీరాలి. పేరు రాని పనిని శ్రద్ధగా చేయడం నాకు అక్కడే అలవాటైంది. ఐదో ఫౌల్‌తో బయటికి వచ్చాక, నా బదులు దిగిన జూనియర్‌ను బెంచీ మీద నుంచి మనస్ఫూర్తిగా ఉత్సాహపరచడమూ అక్కడే నేర్చుకున్నాను.

కళాశాలల యాజమాన్యాలు సాయంత్రం వేళ కోర్టును అమ్మాయిలకూ కేటాయించి, మహిళా శిక్షకులను నియమించి, పోటీలకు వెళ్లిన రోజులను హాజరుగా పరిగణించాలని కోరుతున్నాను.

— ఒక మాజీ కళాశాల క్రీడాకారిణి, గుంటూరు