సంఘం 2025 వార్షిక నివేదిక: ఈ ఏడాది గుర్రాల పండక్కి వెళ్ళొచ్చాం

సభ్యులందరికీ నమస్కారం. బల్గేరియా రాజధాని సోఫియాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు, ఇక్కడ మెడిసిన్ చదువుతున్న పిల్లలు కలిసి చేసుకున్న ఉగాది, వినాయక చవితి, దీపావళి బాగా జరిగాయి, ఫోటోలన్నీ గ్రూపులో ఉన్నాయి కాబట్టి మళ్ళీ రాయట్లేదు. కొత్తగా చేసింది ఒకటే, మార్చి 8 శనివారం ఇక్కడి గుర్రాల పండగ తోడోరోవ్‌డెన్‌కి పల్లెకి వెళ్ళడం. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నా.

ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసాలు మొదలయ్యాక వచ్చే మొదటి శనివారం ఇది. సెయింట్ తోడోర్ పేరు మీద చేస్తారు, జనం మాత్రం గుర్రాల ఈస్టర్ అని కూడా అంటారు. తోడోర్ ఒంటి మీదున్న తొమ్మిది గొర్రెతోలు కోట్లూ విప్పేసి, గుర్రమెక్కి, దేవుడి దగ్గరికెళ్ళి ఎండాకాలం పంపమని అడుగుతాడంట. ఇక్కడి చలి పడ్డవాళ్ళకి ఆ కోరిక వెంటనే అర్థమవుతుంది.

గుర్రాల్ని తెల్లారకముందే ముస్తాబు చేస్తారు, మన బస్సు గంటన్నర లేటు, అందుకని చాలావరకు మిస్సయ్యాం, అది నాకు ఇప్పటికీ బాధే. ఒక్క ఇంట్లో మాత్రం ఇంకా పని నడుస్తోంది. ఒక పెద్దాయన తోక వెంట్రుకల్ని మూడు పాయలు తీసి, ఎర్ర ఉన్ని కుచ్చులూ నీలం పూసలూ కలిపి జడ అల్లుతున్నాడు, అచ్చం మన అమ్మలు జడకుచ్చులు పెట్టి వేసినట్టే. మార్చి 1న అందరూ కట్టుకునే ఎర్ర తెల్ల దారం, మార్తెనిత్స, గుర్రం కళ్ళేనికీ కట్టాడు. మన అక్క ఒకావిడ సాయం చేస్తానంటే ముందు గుర్రం మెడ నిమిరి పలకరించమన్నాడు, ఆ తర్వాతే తోక దగ్గరికి రానిచ్చాడు.

లోపల వాళ్ళావిడ గుర్రం ఆకారంలో, లాడం ఆకారంలో రొట్టెలు కాల్చింది, పైన ఆక్రోట్లు, వెల్లుల్లి రెబ్బలు. ఇరుగుపొరుగుకి పంచి ఒక ముక్క గుర్రానికీ పెడతారు. ఉడకబెట్టిన గోధుమలు కూడా పెట్టారు, కోలివో అంటారు, తింటుంటే మన గుగ్గిళ్ళే గుర్తొచ్చాయి. ఇంకో ఆచారం, గుర్రాలు తాగిన తొట్టి నీళ్ళతో ఆడవాళ్ళు తలంటుకునేవాళ్ళంట, జుట్టు గుర్రం తోకలా ఒత్తుగా పెరగాలని. అదే వారం నూలు వడకడం, నేయడం మానేసేవాళ్ళు, గుర్రాలకి కీడు జరుగుతుందని భయం.

మధ్యాహ్నం పందెం. కుషియా అంటారు. గెలిచిన గుర్రానికి కొత్త కళ్ళెం, దాని యజమానికి చొక్కా ఇచ్చారు, తర్వాత ఆయన గుర్రంతో ఇల్లిల్లూ తిరుగుతుంటే ప్రతి ఇంటివాళ్ళూ బయటికొచ్చి ముందు దానికే నీళ్ళు పెట్టారు, మనుషుల మర్యాదలు ఆ తర్వాతే. కనుమ రోజు పశువుల్ని కడిగి కొమ్ములకి రంగులేసే ఇంట్లో పెరిగినవాణ్ణి, అది చూసి నాకు గొంతు పట్టేసింది.

పెద్దాయన్ని అడిగి మనం తీసుకెళ్ళిన బెల్లం ముక్క గుర్రానికి పెట్టాం, అది నాకి తినేసి మళ్ళీ చెయ్యి వెతుక్కుంది.

ఇక లెక్కలు. వచ్చింది 31 మంది, అప్పటి ఇక్కడి కరెన్సీలో తలా 20 లేవ్‌లు, 620 వసూలైంది, మొత్తం బస్సుకే సరిపోయింది, సంఘం నిధి నుంచి పైసా తీయలేదు. మన పండగలు వదిలేసి వీళ్ళ పండగకి ఎందుకని కొందరు అడిగారు. మన దీపావళికి ఇక్కడి పక్కింటివాళ్ళు పిల్లాపాపలతో వస్తున్నారు కదా, వాళ్ళ పండక్కి మనం ఒక్క రోజు వెళ్ళడం న్యాయమేనని నా అభిప్రాయం.

2026లో ఇది ఫిబ్రవరి 28న వస్తుంది. ఈసారి శుక్రవారం సాయంత్రమే బయల్దేరి రాత్రి అక్కడే ఉందాం, జడలు మొదట్నుంచీ చూడొచ్చు. జనవరి 1 నుంచి యూరోలు వస్తున్నాయి కాబట్టి చందా యూరోల్లోనే తీసుకుంటాం. పేర్లు జనవరి నెలాఖరులోగా ఇవ్వండి, ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే రెండు కిలోల బెల్లం తెప్పించండి.