ఆరు వారాల నిబంధనపై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

వెన్నుపూస నలిగి మంచాన పడిన మా అమ్మ విషయమై మీ కార్యాలయానికి పెట్టుకున్న అర్జీలన్నింటికీ ‘పరిశీలనలో ఉన్నది’ అన్న ఒక్క ముక్కే జవాబుగా వచ్చింది. పరిశీలన ఎంత లోతుగా సాగుతున్నదో గాని, ఈలోగా ఆమె నడుము మాత్రం వంగిపోయింది.

ఉచిత చికిత్సకు మీ ప్రభుత్వం నడిపే ఆరోగ్య పథకం సంగతులు మీకు నేను చెప్పనక్కరలేదు. నా గోడంతా అందులోని ఒక్క నిబంధన గురించే. పూస విరిగినవారు ఆరు వారాలు బెల్టుతో, నొప్పి మాత్రలతో గడిపి, అప్పటికీ తగ్గకపోతేనే సిమెంటు చికిత్సకు, అంటే విరిగిన పూసలోకి సూదితో ఎముక సిమెంటు ఎక్కించే వర్టిబ్రోప్లాస్టీ వంటి వాటికి, అనుమతి కోరాలట. చాలామందికి మందులతోనే నొప్పి తగ్గుతుంది గనుక, అందరికీ సూది గుచ్చవద్దనడాన్ని నేను తప్పుపట్టను. 2009లో వెలువడిన రెండు పరిశోధనల్లో వర్టిబ్రోప్లాస్టీకీ, చేసినట్టు నటించిన చికిత్సకూ తేడా కనిపించలేదని మీ అధికారి ఒకరు నాకు బోధించారు, సంతోషం. అయితే 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన, తీవ్రమైన నొప్పితో, ఎముక విరిగి ఆరు వారాలు దాటని వృద్ధులకు మేలు జరిగిందని చెప్పింది; 2018లో వచ్చిన మరొకటి దానితో ఏకీభవించలేదు. వైద్యుల మధ్యనే తేలని ఈ విషయాన్ని రోగిని పరీక్షించిన వైద్యుడికి వదిలేయక, తేదీలు లెక్కపెట్టే కంప్యూటరుకు ఎందుకు అప్పగించారో సెలవియ్యండి.

ఆ ఆరు వారాలు ఎలా గడుస్తాయో మీ నిబంధన రాసినవారు చూసినట్టు లేదు. పక్కకు ఒత్తిగిలాలంటే ఇద్దరం పట్టుకుని భుజాలూ తుంటీ ఒకేసారి తిప్పాలి. దగ్గు వస్తుందేమోనని ఆమె నీళ్లు కూడా గుక్కెడే తాగేది. పడుకునే కొద్దీ కండ కరుగుతుంది, ఎముక మరింత గుల్లబారుతుంది, వీపున పుండ్లు పడతాయి. గడువు ముగిశాక దరఖాస్తు పెడితే, ఎమ్మారై పాతబడిందని ఫైలు తిప్పి పంపారు! గాయం పచ్చిగా ఉందో లేదో చూపేది ఆ ఎమ్మారైయే. దాన్ని పాతబడేలా చేసింది మీ గడువే. కదిలిస్తే కేకపెట్టే మనిషిని మళ్లీ ఆ బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టించాము. అప్పటికి ఎముక వంకరగానే అతుక్కుంటున్నదని, సిమెంటు ఎక్కించే ముందు పూసలో బెలూను ఉబ్బించి లేపినా దాని ఎత్తు పెద్దగా తిరిగి రాదని డాక్టరు గారు చెప్పారు.

మరో విడ్డూరం. చికిత్స అయ్యాక జతపరచవలసిన వాటిలో కుట్ల ఫోటో ఒకటి ఉన్నది. ఎక్స్‌రే తెరమీద చూస్తూ చర్మం మీదుగా సూది దింపి చేసే ఈ పనిలో మిగిలేది చిన్న గాటు మాత్రమే. కుట్లు ఎక్కడినుంచి తెచ్చి చూపమంటారు?

అయ్యా, దయచేసి ఆ నిబంధనను సవరించండి. మంచం దిగలేని వారికైనా గడువు సడలించండి. అదీ కుదరదంటే, పెట్టిన దరఖాస్తును పెట్టిన వారంలోనైనా తేల్చండి. ఒక పూస విరిగిన మహిళల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరగకుండానే మరొకటి విరుగుతుందని వైద్యులు చెబుతున్నారు. అలా జరగకుండా చూసేందుకు చేయవలసిన ఎముకల సాంద్రత పరీక్షకు గాని, ఎముకలు గట్టిపడే మందులకు గాని మీ పథకంలో చోటే లేదు. దానిపై పెట్టిన అర్జీ కూడా మీ వద్దనే పరిశీలనలో ఉన్నది.

ఇట్లు,
ఒక రోగి కుమారుడు