లోపల పుస్తకాలు, బయట గొళ్లెం

సంపాదకులకు నమస్కారం.

ఏఐ కంపెనీలు తెలుగు రాతల్ని అడగకుండా వాడేసుకుంటున్నాయని మొన్న ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. వాళ్ల సంగతి అలా ఉంచండి. తలుపు మేమే వేసుకుని, ఎవరూ రావడం లేదేంటా అని ఎదురుచూసిన మా కథ కూడా కాస్త వినండి.

కోనసీమలో మా ఊరి గ్రంథాలయాన్ని రిటైరయ్యాక నేనే చూసుకుంటున్నాను. నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు, రెండు బీరువాల నిండా 1930ల నాటి మాసపత్రికల బైండింగులు. కిందటేడు వేసవి సెలవుల్లో ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు కూర్చుని జాబితా మొత్తం తెలుగులో టైప్ చేశారు. చందాలు పోగేసి వెబ్‌సైట్ చేయించాం. ఎనిమిది నెలలైనా గూగుల్‌లో గ్రంథాలయం పేరు తప్ప ఒక్క పుస్తకం తగల్లేదు. ఆ పేరు కింద కూడా ఈ పేజీ గురించి సమాచారం లేదన్న ముక్కే. సైట్ చేసిన కుర్రాణ్ణి అడిగితే ‘టైమ్ పడుతుందండీ’ అన్నాడు.

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు నా ఫోన్ తీసుకుని, సైట్ అడ్రస్ చివర ఏటవాలు గీత (/) పెట్టి ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అని కొట్టాడు. ఇంగ్లిష్‌లో అన్నీ చిన్నక్షరాలే (robots.txt) ఉండాలట. సైట్లు చదవడానికి గూగుల్ లాంటివాళ్లు పంపే యంత్రాలు, అంటే ప్రోగ్రాములు, ఏవి చూడొచ్చో ఏవి చూడకూడదో చెప్పే ఫైలు అది. తెల్ల పేజీ మీద రెండే లైన్లు. మొదటిది ‘యూజర్ ఏజెంట్’, పక్కన నక్షత్రం గుర్తు. వచ్చే ప్రతి యంత్రానికీ అని. రెండోది ‘డిస్‌అలౌ’, పక్కన ఒక ఏటవాలు గీత. గుమ్మం మొదలు ఏదీ చూడొద్దని. సైట్ కడుతున్నప్పుడు సగం పని బయటికి కనబడకూడదని పెట్టి, తీయడం మర్చిపోయారన్నమాట. ఆ గీత చెరిపి చోటు ఖాళీగా వదిలేస్తే చాలు, అర్థం తలకిందులై అందరూ రావచ్చని అవుతుంది. ‘ఒక్క గీతే మామయ్యా’ అని వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ పద్ధతిని 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఆయన ప్రతిపాదించారు. అధికారిక ప్రమాణంగా, ఆర్‌ఎఫ్‌సీ 9309 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటి) పేరుతో, 2022లో గానీ రాలేదు. ఇప్పటికీ ఇది తాళం కాదు, ‘అనుమతి లేనిదే లోనికి రారాదు’ అన్న బోర్డు లాంటిది. మర్యాద ఉన్న యంత్రం ఆగుతుంది, లేనిది తోసుకుని వెళ్లిపోతుంది.

అప్పట్నుంచి ఏ సైట్ తెరిచినా ముందు ఆ బోర్డు చూడటం నాకో పిచ్చి అయిపోయింది. ఒక కాలేజీవాళ్లు పాత మార్కుల ఫోల్డర్ పేరు అందులో రాసి మరీ చూడొద్దన్నారు. ఆ ఫైలు ఎవరైనా చదవచ్చు కదా, దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టే! ఒక ఆఫీసు ప్రకటనల సైట్‌కు అచ్చం మాలాంటి గీతే ఉంది. జనం చూడాలని పెట్టిన ప్రకటనలు జనానికి దొరకవు. అసలు ఫైలే లేదని వస్తే మాత్రం కంగారు అక్కర్లేదు, అడ్డు లేనట్టే లెక్క.

కొన్ని వార్తా సైట్లలో జీపీటీబాట్ (చాట్‌జీపీటీ వాళ్ల యంత్రం), సీసీబాట్ (కామన్ క్రాల్ అనే సంస్థ యంత్రం, అది పోగేసిన పేజీల్ని ఏఐ కంపెనీలు వాడుకుంటాయి) అని పేరుపేరునా అడ్డు పెట్టారు. విలేకరులకు జీతాలివ్వాల్సిన మీరు ఆపితే నేను తప్పనను. కాకపోతే కోపంలో, గూగుల్ వెతుకులాట కోసం పేజీలు చదివే గూగుల్‌బాట్‌ను కూడా కలిపి ఆపితే వెతికేవాళ్లకే కనబడకుండా పోతారు. గూగుల్ వాళ్ల ఏఐ శిక్షణకు వద్దనడానికి ‘గూగుల్-ఎక్స్‌టెండెడ్’ అని వేరే పేరుంది. మా కమిటీలోనూ ఒకాయన ‘ఏఐ వాళ్లకు మనం ఊరికే ఎందుకివ్వాలి’ అన్నారు. ఊరికే ఇవ్వడానికేగా గ్రంథాలయం పెట్టింది అన్నాను. మేం ఎవరినీ ఆపలేదు.

సైట్ చేయించుకుని డబ్బులిచ్చి ఊరుకున్న పంచాయతీలు, స్కూళ్లు, గుడి కమిటీలు ఎన్నో ఉన్నాయి. ఈ పరీక్ష ఎలా చేసుకోవాలో మీ పత్రికలో ఒక చిన్న బాక్సు కట్టి వేయండి. అర నిమిషం పని.

గీత తీసిన నాలుగో వారం బరంపురం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ల తాతగారి పద్యాలు అచ్చయిన సంచిక మా జాబితాలో కనబడిందట. ఆ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాం. ఒక పేజీ మూల చెద తినేసింది, ఆ సంగతి చెప్పే పంపాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు, కోనసీమ